కంకులు ఎటు చూస్తున్నాయి

పోయిన వారం నిస్సీని నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా, మక్బూల్ సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో, కంప్యూటరు ముందు నోట మాట లేకుండా కూర్చోబెట్టి వచ్చాం. పాపం, ఇంకా అట్లాగే ఉంది. తెర మీద ఏటి ఒడ్డున పాడుబడ్డ గుడి, గుడి మెట్టు మీద పిడికెడు జొన్న కంకులు. ఆటలో కంకులే, పట్టుకుందామంటే చేతికి రావు. వాటిని చూసి ఆ పిల్లకు గుండె ఆగినంత పని ఎందుకయిందో, ఈ వారమే కొత్తగా మనతో కలిసినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి, మీకూ కొన్ని మరుపున పడి ఉంటాయి.

నిస్సీ మనూరు దిక్కు పల్లె పిల్ల. డిగ్రీ అయ్యాక మక్బూల్ దుకాణంలో పనికి కుదిరింది. మక్బూల్ కొడుకు అనీస్ ఫోన్లు బాగుచేస్తాడు, కూతురు ఫర్హీన్ కాలేజీ లేనప్పుడు వచ్చి కూర్చుంటుంది. గిరాకీ పలచబడ్డప్పుడు ముగ్గురూ కలిసి 'కాలరేవు' ఆడతారు. కాలరేవు అంటే ఆన్‌లైన్ ఆట. ఎక్కడెక్కడి మనుషులో వేలమంది, తలా ఒక వేషం వేసుకుని ఒకే లోకంలో తిరుగుతారు. దున్నుతారు, కోస్తారు, కొట్లాడతారు. ఆ లోకంలో పక్షాలు రెండు: రాతికోట, ఏటిగట్టు. కొంతకాలం ఎటూ చేరకుండా తిరగవచ్చు. అట్లా తిరిగేవాళ్లు రెండు పక్షాలనూ చూడగలరు గానీ తమ జట్టులో వాళ్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేరు. ఒక మెట్టు దాటాక మాత్రం తేల్చుకోవాల్సిందే. ఎటు చేరితే ఇక అటువాళ్లతోనే మాట, అవతలివాళ్లతో కత్తి.

మన ముగ్గురి జట్టూ ఆ మెట్టు దాటింది. ఈ పొద్దు సూర్యుడు కుంకేలోగా తేల్చాలి. ముగ్గురూ ఒప్పుకుంటేనే జట్టు ఒక పక్షంలో చేరుతుంది, ఒక్కరు కాదన్నా జట్టు చెదిరిపోతుంది.

ఇక రెండో సంగతి. నిస్సీకి ఒక అన్న ఉన్నాడు, దశరథ్. రెండేళ్ల కిందట వాళ్ల ఊరి క్రైస్తవ సంఘం రెండుగా చీలింది. పాత రాతి గుడిని, అంటే చర్చిని, ఉంచాలని ఒక పక్షం, కూల్చి కొత్తది కట్టాలని ఇంకో పక్షం. ఉంచాలన్నవాళ్లకు పెద్ద, నిస్సీ తండ్రి ప్రేమదాసు. ఆ రాళ్లు ప్రేమదాసు నాయిన ఎడ్ల బండి మీద తోలినవి. దశరథేమో, పిల్లలు కూర్చునే చోట కప్పు పగిలింది, రేపు ఎవరి మీదనైనా పడితే ఎట్లా అని వాదించాడు. మీటింగునాడు ఎటువాళ్లు అటు లేచి నిలబడమన్నారు. దశరథ్ నడిచివెళ్లి అవతలి పక్కన నిలబడ్డాడు. ప్రేమదాసు అందరి ముందర ఒక్కటే మాటన్నాడు, పక్క మారినోడు నా గడప తొక్కొద్దని. ఆ రోజు పోయిన దశరథ్ మళ్లీ కనిపించలేదు, ఫోన్ నంబరు కూడా మారిపోయింది. తల్లి లిదియా ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. ప్రేమదాసు కొడుకు పేరెత్తడం మానేశాడు. అదీ కథ.

"ఇగ తేల్చాలె," అన్నాడు అనీస్, విప్పిన ఫోను మీద నుంచి తల ఎత్తకుండానే. "నాకైతె డౌటు లేదు. కోటకే పోదాం. మంచి గుర్రాలు ఆళ్లయే, మంచి కవచాలు ఆళ్లయే. ఆర్నెల్ల సంది ఒక్క లడాయి ఓడలే. ఓడేటోళ్ల దిక్కు పోయి ఏం చేస్తం?"

ఎవరు ఎటు చేరతారన్నదే ఈ ఆటలో అసలు ఆట. అనీస్‌లాంటివాళ్లు గెలుపు చూసి చేరతారు. కొందరు అంగీల రంగు చూసి చేరతారు, నవ్వకండి, అట్లాంటివాళ్లే ఎక్కువ. ఎవరి మీదో కచ్చ ఉండి, వాడు ఎటుంటే దానికి ఎదురు పోయేవాళ్లూ ఉన్నారు. ఫర్హీన్‌ది వీళ్లందరికంటే వేరే తీరు. ఆ పిల్ల రెండు పక్షాల పాత కథలన్నీ కూర్చుని చదివింది, పరీక్షకు చదివినట్టు.

"భాయ్, నువ్వు గెలుపొక్కటే చూస్తవ్," అంది. "కోటోళ్లు తూము మూసిన్రు. నీళ్లు రాక గట్టోళ్ల చేన్లన్ని ఎండినయి. గది తప్పే గద. మరి గట్టోళ్లు మంచోళ్లా అంటే, ఆళ్లు పోయి కోట గాదెలకు నిప్పు వెట్టిన్రు, లోపట మనుషులున్నరని తెలిసి గూడ. సదివినకొద్ది నాకు ఎటు పోబుద్ధి అయితలేదు."

"గందుకే సదవొద్దంటి."

"సదవకుండ పోతె, ఆళ్లు ఏం చెప్తె గది చేసుడైతది."

నిస్సీ ఇద్దరి మాటా వినలేదు. తెర వైపే చూస్తూ, "ఏటిగట్టుకు పోదాం," అంది.

అనీస్ చేతిలో ఫోను బల్ల మీద పెట్టాడు. "ఏంది?"

"ఏటిగట్టుకే. నాకు పని ఉంది అక్కడ."

"ఆటల నీకేం పని?"

మూడేళ్లుగా ఒకే చాయ్ సగం సగం తాగిన మనుషులు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు ఆమెకు. తెర మీద గుడి పక్కన నిలబడ్డ మనిషిని చూపించింది. చిరిగిన గొంగడి కప్పుకున్న వేషం, తల మీద రాసి ఉన్న పేరు 'నల్లరేగడి'. ఏటిగట్టు పక్షం వాడు.

"గీయన మా అన్న," అంది.

సంత రోజు కావడంతో బయట ఒకటే గోల, ఆటోవాళ్ల కేకలు, కంగ్టి దిక్కు నుంచి వచ్చిన పత్తి బండ్ల హారన్లు.

"మీ అన్ననా," అన్నాడు అనీస్. "వేలమంది ఆడుతున్నరు నిస్సీ. గొంగడి కప్పుకున్నోడల్ల మీ అన్ననేనా?"

"కంకులు చూడు. ఎటు చూస్తున్నయి?"

అనీస్ కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చాడు. మెట్టు మీది కంకుల తలలు గుడి తలుపు వైపు లేవు, బయటికి, బాట వైపు ఉన్నాయి.

"మా దిక్కు జొన్న కోసినప్పుడు మొదటి పిడికెడు తెచ్చి గుడి మెట్టు మీద వెడ్తరు," అంది నిస్సీ. "అందరు కంకులు లోపటికి మర్రవెడ్తరు, దేవుని దిక్కు. మా ఇంట్ల ఒక్కళ్లమే బయటికి వెడ్తం. మా తాత మొదలువెట్టిండట. దేవునికి ఆకలి ఉండది, బాటకు పోయేటోడు తీసుకోవాలె అని. ఊర్ల నవ్వుతుండె అందరు. వీనికి కంకులు వెట్టుడు గూడ వస్తలేదు అని."

అనీస్ ఊరికే నమ్మే రకం కాదు. తన వేషాన్ని ఇంకో గుడి దగ్గరికి నడిపించి, సంచిలోంచి ఒక కత్తి తీసి మెట్టు మీద దించి చూశాడు. మనిషి ముఖం ఎటుంటే కత్తి మొన అటే పడింది. మళ్లీ దించాడు. మళ్లీ అంతే. బయటికి చూసేట్టు పెట్టాలంటే, గుడికి వీపు పెట్టి నిలబడి దించాలి. అట్లా ఊరికే ఎవడూ దించడు, కావాలని పని పెట్టుకుంటే తప్ప.

"నిజమే," అన్నాడు నెమ్మదిగా. "రోజు పెడ్తడా?"

"చేను కోసినప్పుడల్ల మొదటిది గీడ వెడ్తడు. బాటకు పోయేటోళ్లు ఎత్తుకపోతరు. మల్ల వెడ్తడు. నేను గీడికెళ్లి ఏమడిగినా ఆయనకు వినవడది. మనం ఏ పక్షం గాదు గద."

"ఎన్నొద్దుల సంది చూస్తున్నవ్?"

"వారం దాటింది."

అనీస్ ముఖం అప్పుడు మాడింది. కవచాలు పోతాయని కాదు, నేను చెబుతున్నాను. "వారం సంది నా పక్కన కూసొని, నాకు చెప్పలే," అన్నాడు. "సరే. నువ్వు మీ అన్న కోసం పోతవ్. మంచిదే. మరి నేనెవల కోసం పోవాలె? రాత్రింబగళ్లు కష్టపడి సంపాదించుకున్నదంత ఓడేటోళ్ల చేతుల వెట్టాల్నా?"

"నేనొక్కదాన్నే పోత. మీరు కోటకు పోండ్రి."

"పోయి? రేపు ఎదురుపడితె నీ మీద కత్తి ఎత్తాల్నా నేను?"

నిస్సీకి ఉన్నది ఇదొక్కటే దారి. ఏటిగట్టులో చేరితే అన్నతో మాట్లాడవచ్చు. చేరకపోతే ఆ కంకులను దూరం నుంచి చూస్తూ బతకాలి. కానీ చేరాలంటే అనీస్ ఒప్పుకోవాలి, లేదా అనీస్‌ను, ఫర్హీన్‌ను వదిలేసుకోవాలి. ఒక పక్క ఎంచుకోవడమంటే ఇంకో పక్క మనుషులను పోగొట్టుకోవడమేనని ఆ పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్లింట్లో రెండేళ్లుగా అదే నడుస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

సరిగ్గా అప్పుడే ప్రేమదాసు దుకాణం మెట్లెక్కాడు.

సంత రోజున రావడం ఆయనకు అలవాటే. కూరగాయల సంచి మూలకు పెట్టి, స్టూలు మీద కూర్చుని, బిడ్డ పని అయ్యేదాకా చాయ్ తాగి, ఇద్దరూ కలిసి మనూరు ఆటో ఎక్కుతారు. మాట తక్కువ మనిషి. ఎండకు మాడిన ముఖం, భుజం మీద తువ్వాల. కంప్యూటరు వైపు ఎప్పుడూ చూసేవాడు కాదు, బొమ్మలాట అని ఆయన లెక్క.

ఈ రోజు బిడ్డ కళ్లు చూసి, ఆ కళ్లు ఎటు చూస్తున్నాయో అటు చూశాడు.

సంచి ఇంకా చేతిలోనే ఉంది. కూర్చోలేదు. వంగి తెర దగ్గరికి ముఖం పెట్టి చాలాసేపు చూశాడు. చూసి చూసి, "గా కంకులు ఎవలు వెట్టిన్రు?" అన్నాడు.

"ఎవలో నాయినా. ఆటల మనిషి."

"నన్ను మోసం చెయ్యకు."

నిస్సీ తల దించుకుంది. ఫర్హీన్ అన్న వైపు చూసింది, అనీస్ గోడ వైపు చూశాడు.

"ఎక్కడున్నడు?" అన్నాడు ప్రేమదాసు.

"తెలువది నాయినా. గా పక్షంల చేరితేనే మాట్లాడొస్తది. గీడికెళ్లి చూసుడే."

"పక్షమా?"

ఫర్హీన్ చెప్పింది, చిన్నపిల్లకు చెప్పినట్టు విడమరిచి. కోట, గట్టు, మూసిన తూము, కాలిన గాదెలు, గట్టుకు పోతే అనీస్‌కు వచ్చే నష్టం, ఈ సాయంత్రంలోగా తేల్చాల్సిన సంగతి. ప్రేమదాసు శ్రద్ధగా విన్నాడు. ఆటంటే ఆయనకు ఏమీ తెలియకపోయినా పక్షాలంటే తెలుసు. అందుకే ఆయన అడిగింది గుర్రాల గురించి కాదు, కవచాల గురించి కాదు.

"ఒకసారి ఒక దిక్కు పోయినోడు మల్ల తిరిగి రారాదా?"

"రావొచ్చు కాకా," అన్నాడు అనీస్. "కానీ అంత ఇడిసి రావాలె. కత్తి, గుర్రం, సంపాదించుకున్న పేరు, అన్ని దించి, మల్ల మొదటికెళ్లి మొదలువెట్టాలె. గట్ల వచ్చినోన్ని నేనైతె చూడలే."

"వచ్చినోన్ని రానిస్తరా?"

"రానియ్యాలె కాకా. ఆట రూలు."

ప్రేమదాసు అప్పుడు స్టూలు మీద కూర్చున్నాడు. "మా సంఘంల గా రూలు గూడ లేకపాయె," అన్నాడు.

నిస్సీ దిగ్గున తలెత్తింది. రెండేళ్లు లోపల దాచుకున్నదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేదేమో, ఆ నెమ్మది వినడానికే కష్టమనిపించింది.

"సంఘంల లేకపోవుడు గాదు నాయినా. నువ్వు వెట్టలే. గడప తొక్కొద్దన్నది సంఘపోళ్లు గాదు, నువ్వు. అన్న నిలబడ్డది తన కోసమా? కప్పు పగిలిన కాడ కూసుండే పిల్లల కోసం. నువ్వు నిలబడ్డది తాత కోసం. ఇద్దరిల ఎవలది తప్పో నాకు ఇప్పటికి తెలువది. ఆ పొద్దు నన్ను గూడ అడిగినవ్, నువ్వెటే అని. నేను నీ పక్కన నిలబడ్డ. నువ్వు చెప్పింది నిజమని గాదు. అమ్మ ఒక్కతయితదని, భయంతోని. గిదేం నిలబడుడు నాయినా?"

బయటి మనుషుల ముందర బిడ్డ ఇట్లా మాట్లాడితే ఊరుకునే మనిషి కాడు ప్రేమదాసు. అనీస్ కుర్చీలోంచి సగం లేచాడు కూడా. కానీ ఆ ముసలాయన తువ్వాలతో ముఖం తుడుచుకుని, తుడుచుకున్న తువ్వాల తీయకుండా అట్లాగే కొంచెంసేపు ఉన్నాడు. తీసినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిజమే," అన్నాడు.

ఒక్క మాట. ఆ మాట కోసం లిదియా ఎన్ని ఉపవాస ప్రార్థనలు చేసిందో నిస్సీకి తెలుసు. ఇప్పుడు ఆ మాట వినడానికి ఆ తల్లి ఇక్కడ లేకపోవడం నాకే కష్టంగా ఉంది.

"ఎటు పోవాలె నాయినా? నువ్వే చెప్పు," అంది నిస్సీ.

"నన్నడుగకు బిడ్డా. ఒకసారి ఎటు నిలబడాల్నో నేను చెప్పిన, గిట్లయింది. నీతోని ఇన్నొద్దులు కష్టపడ్డోళ్లున్నరు, ఆళ్లనడుగు." ప్రేమదాసు అనీస్ వైపు తిరిగాడు. "నీకు నష్టమేనట గద బేటా. పోవొద్దంటె పోవొద్దను. నేనేమనుకోను."

అనీస్ చేతులకంటిన మసి గుడ్డతో తుడుచుకుని, తన ఫోను తీసుకుని, ఏటిగట్టు జెండా మీద వేలు పెట్టాడు. ఒప్పుకున్నట్టు తెర మీద పచ్చ గుర్తు వెలిగింది. "ఫర్హీన్, నువ్వు గూడ నొక్కు," అన్నాడు. "జల్దీ నొక్కు, నేను మల్ల మనసు మార్చుకుంట."

"నువ్వెవల కోసం పోతున్నవ్ భాయ్?" అంది ఫర్హీన్, నొక్కుతూనే.

"ఊకో. నీకెందుకు."

మూడో గుర్తు నిస్సీది. ఆమె నొక్కగానే తెర అంచులు నీలంగా మారాయి. ఇప్పటిదాకా పిచ్చిగీతల్లా కనిపించిన ఏటిగట్టు వాళ్ల మాటలన్నీ చదవడానికి వచ్చే అక్షరాలయ్యాయి. ఎవరో విత్తనాలడుగుతున్నారు, ఎవరో కోటవాళ్లను తిడుతున్నారు. గుడి దగ్గర నల్లరేగడి ఒక్కడే, ఏ మాటా లేకుండా, కంకుల పక్కన నిలబడి ఉన్నాడు.

నిస్సీ మైకు దగ్గరికి జరిగింది. "అన్నా," అంది. మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కుని, మళ్లీ అంది. "అన్నా, నేను. నిస్సీని."

గొంగడి మనిషి ఇటు తిరిగాడు. అంతే. మాట రాలేదు.

"వినవడ్తలేదేమో," అన్నాడు అనీస్.

"వినవడ్డది. తిరిగిండు గద."

ప్రేమదాసు లేచి వచ్చాడు. "గీడ మాట్లాడితె వానికి వినవడ్తదా?" అని అడిగి, వినపడుతుందని చెప్పాక భుజం మీది తువ్వాల తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు, ప్రార్థనకు నిలబడ్డట్టు. చేలో మొదటి పిడికెడు కోసి మెట్టు మీద పెట్టేటప్పుడు ఆ ఇంట్లో తండ్రి ఒక మాటంటాడు, కొడుకు దానికి జవాబంటాడు. రెండేళ్లుగా తండ్రి మాట ఒక్కటే పలికేది, జవాబు పలికేవాడు లేక ఆయనే లోలోపల అనుకుని ఇంటికి వచ్చేవాడు.

"ముందటిది నీది," అన్నాడు ప్రేమదాసు మైకులోకి.

బయట ఏదో బండి హారన్ కొట్టింది. తెర మీద ఏరు పారుతోంది. ఆయన తువ్వాలను పిండుతున్నాడు, దానికి ఏమీ తడి లేకపోయినా.

"మిగిలింది మాకు చాలు," అని జవాబు వచ్చింది.

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది ఆడమనిషి గొంతు.

"ఎవలమ్మా నువ్వు?" అన్నాడు ప్రేమదాసు. ఆయన చెయ్యి పోయి బల్ల అంచు పట్టుకుంది. "గా మాట నీకెట్ల తెలుసు?"

"నా పేరు కోమల." తెలుగు వచ్చిందే గానీ కన్నడ యాస ఇంకా పోని మాట. "మాది ఔరాద్ దిక్కు మామా. నేను మీ కోడల్ని. చెల్లె పిలిస్తె నమ్మకం గాలే, మీ మాట వినంగనే నమ్మిన."

నిస్సీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రేమదాసుకు కొడుకు పెండ్లి అయిన సంగతి ఒక బొమ్మలాటలో తెలిసింది. ఎవరిని తిట్టాలి దీనికి?

"దశరథ్..." అన్నాడు చివరికి. రెండేళ్లలో ఆ పేరు ఆయన నోట మొదటిసారి వచ్చింది. "దశరథ్ ఏడమ్మా? మంచిగున్నడా?"

"హౌదు మామా, మంచిగున్నడు. బండి తోలుతడు. బండి మీద ఉంటె ఆట ఆడరాదు గద, పగటిపూట నేనే ఆడుత. కంకులు ఎట్ల వెట్టాల్నో ఆయనే నేర్పిండు. చెల్లె గీ ఆట ఆడ్తది, ఎన్నటికన్న గీ బాటకు వస్తది, చూస్తె ఎరుక పడ్తది అన్నడు. ఫోనే చెయ్యరాదా అంటె ఇల్ల, వద్దు అన్నడు. నాయిన దిక్కా, అన్న దిక్కా అని దాన్ని నడుమల వెట్టొద్దు, వస్తె అదే రావాలె అన్నడు."

నిస్సీ ఏడుస్తోంది. ఫర్హీన్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"మామా," అంది కోమల మళ్లీ, ఈసారి కొంచెం భయంగా. "ఎప్పుడన్న మీరే మాట్లాడితె ముందుగాల ఒక్క మాట అడుగుమన్నడు. అడగాల్నా?"

"అడుగమ్మా."

"మా నాయిన ఇప్పుడు ఎటు దిక్కున్నడు అని."

ఫర్హీన్ అంత చదివీ తేల్చుకోలేనిది, అనీస్ గెలుపు లెక్కలతో తేల్చేసినది, ఊరిని రెండుగా చీల్చినది, అదే ప్రశ్న ఇప్పుడు ఆ ముసలాయన ముందుకు వచ్చి నిలబడింది. ప్రేమదాసు కళ్ల ముందు తన తండ్రి తోలిన రాళ్లు ఉన్నాయో, పగిలిన కప్పు కింది పిల్లలున్నారో నేను చెప్పలేను. ఎక్కువసేపు మాత్రం ఆలోచించలేదు.

"వాడెటుంటె అటు," అన్నాడు.

అవతల నుంచి ముక్కు చీదిన చప్పుడు. "ఈ మాట ఆయనకు నేనెట్ల చెప్పాలె, నాకు సాతగాదు," అంది కోమల. "మేము దూరం లేము మామా. పోయిన నెలనే కంగ్టికి వచ్చినం. పత్తి బండి తోలుతుండు. ప్రతి సంత నాడు ఖేడ్‌ల బస్టాండు కాడ బండి ఆపి, మీరు, చెల్లె ఆటో ఎక్కేదాంక చూసి పోతడు."

ప్రేమదాసుకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నన్ను చూసిండా? చూసి పలకరించలేదేందమ్మా?"

"పలకరించుమని మీరనలేదు గద మామా."

ఆ పిల్ల దెప్పిపొడవడానికి అన్న మాట కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అందుకే ప్రేమదాసు తట్టుకోలేకపోయాడు, బల్ల మీద తల ఆనించేశాడు.

ముందుగా తేరుకున్నది నిస్సీ. "వదినా," అంది మైకులోకి. ఆ పిలుపు దానంతటదే వచ్చింది. "ఇయాల సంతనే. అన్న ఇయాల గూడ వచ్చిండా?"

"వచ్చిండు. నాయిన దుకాణంల పోయి కూసున్నడు అని ఇందాకనే ఫోన్ చేసిండు. మిల్లుల జల్దీ పత్తి దించాలె, ఇగ ఎంతసేపు ఆగుత అన్నడు. ఆగున్రి, ఫోన్ చేస్త." ఒక ఫోను మోగుతున్న చప్పుడు సన్నగా వినిపించింది, మోగి మోగి ఆగిపోయింది. "ఎత్తుతలేడు. బండి మీద ఉంటె ఎత్తడు ఆయన. బయలెల్లిండేమో మామా. జర బయటికి చూడున్రి."

ప్రేమదాసు లేచాడు. స్టూలు పడిపోయింది, కాలు తగిలి సంచిలో టమాటలు నేల మీద దొర్లాయి. అనీస్ అడ్డం తప్పుకున్నాడు. ఆయన మెట్లు దిగి రోడ్డు అంచుకు వచ్చేసరికి, అవతల పత్తి బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. వరసలో చివర ఒక చోటు ఖాళీగా ఉంది. అక్కడి నుంచి కదిలిన బండి, పత్తి మీద పచ్చ పట్టా కట్టుకుని, జనంలోంచి మెల్లగా దారి చేసుకుంటూ పోతోంది.

"దశరథూ," అని పిలిచాడు ప్రేమదాసు.

ఆ కేకకు చాయ్ బండి దగ్గర మనుషులు తిరిగి చూశారు. మనూరు ఆటోవాడు తిరిగి చూశాడు. ఆయనకు ఎవరూ కనిపించడం లేదు. ఆటోలు తప్పించుకుంటూ, తువ్వాల ఒక చేత పట్టుకుని నడిరోడ్డు మీదికి పోయాడు. వెనక నిస్సీ నాయినా నాయినా అంటూ పరుగెత్తుతోంది. "దశరథూ, నేనురా," అని మళ్లీ పిలిచాడు.

పత్తి బండి వెనక ఎర్ర లైట్లు వెలిగాయి.

ఆ బండికి ముందు బస్టాండు స్పీడ్ బ్రేకర్ ఉంది. ఏ బండి అయినా అక్కడ బ్రేకు వేయాల్సిందే. పిలుపు విని ఆగుతున్నాడో, దాన్ని దాటడానికి నెమ్మదించాడో, ప్రేమదాసు నిలబడ్డ చోటు నుంచి తెలియలేదు.